పియానో పక్క సందులో ఒక ఊరు

ఆ రోజు మా బుజ్జి నోట్లోంచి నేను టికెట్ కలెక్టరును బయటికి లాగాను.

నిజం మనిషి కాదులెండి. నా చిటికెన వేలి గోరు కంటే కాస్త పొడుగుంటాడు. నల్లకోటు, నెత్తిన టోపీ, చంకలో టికెట్ల కట్ట. మా అత్తయ్య చేత్తో కట్టిన బొమ్మల ఊళ్ళో, బొమ్మల రైల్వే స్టేషన్లో ఆయనకి ఉద్యోగం. బుజ్జి బల్ల అంచు పట్టుకుని లేచి నిలబడటం అప్పుడే నేర్చింది. నిలబడి చేసిన మొదటి ఘనకార్యం ఇదన్నమాట. దాని దవడలు నొక్కి, వేలు తిప్పి ఆయన్ని బయటికి లాగి, అత్తయ్యని కేకేశాను.

అత్తయ్య వచ్చి టికెట్ కలెక్టరును రుమాలుతో తుడిచి, కిటికీ దగ్గర వెలుతురుకు పెట్టి చూశారు.

"టోపీ నలిగింది," అన్నారు.

"టోపీ సంగతా అత్తయ్యా! పిల్ల గొంతుకి అడ్డం పడుంటే?"

"పడలేదుగా. ఇది టికెట్ లేకుండా ఎక్కింది, వాడు పట్టుకోబోయాడు, ఇది మింగబోయింది. ఎవరి డ్యూటీ వాళ్ళు చేశారు."

నవ్వబోయి నా మొహం చూసి ఆగిపోయారు. నేను అప్పటికే స్టేషన్లో జనాన్ని లెక్కపెడుతున్నాను. కూలీ ఉన్నాడు. పేపరు చదివే ఆయన ఉన్నాడు. బెంచీ మీద ముసలి దంపతులు ఉన్నారు. గొడుగు పట్టుకుని రైలు కోసం చూసే ఆవిడ మాత్రం లేదు.

"అత్తయ్యా, గొడుగావిడేదీ?"

"రైలెక్కి పోయిందేమో."

"హాస్యం కాదండీ! గొడుగుకి మొనుంది!"

ఆ రోజు నుంచి నేను చేసిన పని చెప్పుకునేది కాదు. పిల్లల తల్లులు ఎలాగూ అర్థం చేసుకుంటారు, మిగతావాళ్ళకి చెప్పినా లాభం లేదు. బుజ్జి డైపరు మార్చినప్పుడల్లా కిటికీ దగ్గరికి తీసుకెళ్ళి, పుల్లతో కదిపి చూసేదాన్ని. డాక్టరమ్మ పొట్ట నొక్కి చూసి ఏం లేదన్నారు. ఏం లేదంటే గొడుగావిడ లోపల లేదనా, ఉన్నా ఏం కాదనా అని అడిగాను. ఆవిడ తర్వాతి పేషెంటును పిలిచారు.

ఇక్కడ మా అత్తయ్య సంగతి కొంచెం చెప్పాలి. రిటైరయ్యేదాకా ఆవిడ పెద్ద స్టేషన్లో మైకులో రైళ్ళ రాకపోకలు చెప్పేవారు. ఇంట్లోనూ ఆ గొంతే. "దయచేసి వినండి. వంటగది నుంచి హాలుకు రావలసిన టీ ఆలస్యంగా నడుస్తున్నది. కోడలుగారి అసౌకర్యానికి చింతిస్తున్నాము." టీ నేనే పెట్టాలి, అసౌకర్యం కూడా నాదే. అయితే ఆవిడ కూర్చున్న మైకు గదికి కిటికీ లేదు. ఉద్యోగం చేసినన్నాళ్ళూ రైళ్ళు వస్తున్నాయనీ పోతున్నాయనీ చెప్పడమే తప్ప, ఒక్క రైలు కదలడం కళ్ళారా చూసింది లేదట. అందుకని రిటైరయ్యాక వెనకగదిలో డబుల్ కాటంత చెక్క మీద ఊరే కట్టుకున్నారు.

అగ్గిపుల్లల ఇళ్ళు. సెలూను, బేకరీ, పోస్టాఫీసు. మా ఆయన అద్దాల షాపులో పనిచేస్తారు, అక్కడి విరిగిన అద్దంతో చెరువు. పాత పేపర్లు నానబెట్టి రుబ్బిన గుజ్జుతో కొండ, కొండలోంచి సొరంగం. చెట్లూ గడ్డీ అన్నీ పాత టూత్‌బ్రష్షుల పీచు. రైలు తిరగడానికి గదిలో చోటు చాలక పట్టాల మలుపు గుమ్మం దాటి హాల్లోకి వచ్చింది. అందువల్ల ఆ గది తలుపు పడదు. తలుపు పడితే ఈ కథే లేదు.

ఆ సాయంత్రం మా ఆయన ఇంటికొచ్చేసరికి నేను ఏడుస్తున్నాను, అత్తయ్య టోపీ సరిచేస్తున్నారు. ఇద్దరి మాటా విని ఆయన ఎప్పుడూ చెప్పే తీర్పే చెప్పారు.

"ఇద్దరూ కరెక్టే."

"నోర్ముయ్యరా," అన్నారు అత్తయ్య. "కోడలే కరెక్టు. మనుషులు తిరిగే చోట పట్టాలుండకూడదు. రెండిట్లో ఏదో ఒకటి కదలాలి. పిల్లని పార్సిలు చెయ్యలేంగా."

అలా మొదలైంది ఊరి పార్సిలు.

పంపడానికి మనిషి ఉన్నాడు. వేరే దేశంలో ఒక పళ్ళ డాక్టరు. ఆయనకీ ఇదే పిచ్చి. కారు పెట్టుకునే షెడ్డులో కారు బయట పెట్టి, లోపల రైళ్ళు నడుపుకుంటాడు. అత్తయ్య ఊరి ఫోటో ఎక్కడో చూసి, ఆ గడ్డి టూత్‌బ్రష్షుదేనని కనిపెట్టి రాశాడట. ఆయన రాసింది ఈవిడకీ ఈవిడ రాసింది ఆయనకీ ఫోనే తర్జుమా చేసి పెడుతుంది. మీరెప్పుడైనా వద్దనుకుంటే నాకివ్వండి, వారం వారం నడుపుతాను, ఓడ దిగిన దగ్గర్నుంచి నా బండిలో నేనే తెచ్చుకుంటాను అని ఎప్పుడో మాటిచ్చాడు. అక్కడిదాకా చేర్చడం మా వంతు.

"చేరిస్తే సరే," అన్నారు అత్తయ్య. "లేకపోతే పిల్ల నడిచేలోపు నేనే విప్పేస్తాను. ఏ పుల్లకాపుల్ల."

మైకు గొంతుతో అన్నారు. ఆ గొంతుతో ఒకసారి చెప్పాక రైలు రద్దయినట్టే. పిల్ల భయంతో గోల చేసింది నేను. ఊరు పోతే నా మూలాన పోయినట్టు.

*

ముందు కొరియరు ఆఫీసుకి వెళ్ళాం. కౌంటర్లో అమ్మాయి మా ఆయన రాసుకెళ్ళిన కొలతలు చూసింది.

"బరువెంతండీ?"

"చాలా తేలిక," అన్నాన్నేను గర్వంగా. "కాగితం, పుల్లలు, పీచు. ఒక్కరం ఎత్తేయొచ్చు."

ఆ అమ్మాయి టకటకా నొక్కి ఒక అంకె చూపించింది. మా ఆయన కళ్ళజోడు తీసి తుడుచుకుని మళ్ళీ చూశారు.

"తేలికన్నాం కదమ్మా?"

"ఇది బరువు మీద పోదండీ. సైజు మీద పోతుంది."

"మరి తూకం మిషను ఎందుకు పెట్టారు?" అన్నారు అత్తయ్య.

"సైజు కంటే బరువెక్కువైతే బరువు మీద పోతుందండీ."

"అంటే ఏదెక్కువైతే దాని మీద పోతుంది. తక్కువదాని మీద ఎప్పుడైనా పోయిందా?"

ఆ అమ్మాయి నిజంగానే ఆలోచించింది. "ఇప్పటిదాకా పోలేదండీ."

"లోపల సగం గాలేనండీ," అన్నాన్నేను, ఉండబట్టలేక.

"గాలి కూడా విమానంలో చోటు తీసుకుంటుందండీ."

నేను తొమ్మిదో తరగతి సగంలో బడి మానేశాను. పొడవు, వెడల్పు దాకా వచ్చు. ఎత్తు కూడా కలిపి గుణించే పాఠం వచ్చేసరికి ఇంట్లో తమ్ముణ్ణి చూసుకునే దిక్కులేక ఆగిపోయాను. అప్పటి నుంచీ నన్ను ఎవరు ఎక్కడ బోల్తా కొట్టించినా ఆ మూడో కొలత దగ్గరే.

"ఆ డబ్బుతో పళ్ళ డాక్టరునే ఇక్కడికి రప్పించుకోవచ్చు," అన్నారు అత్తయ్య మెట్లు దిగుతూ. "వచ్చినవాడు ఊరికే ఉంటాడా? నాకో రెండు పళ్ళు కూడా కడతాడు."

పోస్టాఫీసులో ఇంత పెద్దది కిటికీలోంచి పట్టదన్నారు. బస్సు పార్సిలు వాళ్ళు రేవుదాకా చేరుస్తామన్నారు గానీ, బస్సు పైన వేస్తారట, దాని మీద సైకిళ్ళు, సైకిళ్ళ మీద సిమెంటు బస్తాలు.

"ఊరి మీద సిమెంటు బస్తాలా? దానికంటే భూకంపం నయం," అని అత్తయ్య లేచొచ్చేశారు.

ఇంటికొచ్చి ఆవిడ పనిముట్ల పెట్టె తీశారు. సన్న పట్టకారుతో ఒక దీపస్తంభం మొదట్లో పట్టుకుని, పీకలేక, వదిలేసి, మళ్ళీ పట్టుకున్నారు. నేను చూడనట్టు వంటగదిలోకి వెళ్ళిపోయాను.

మర్నాడు మా ఆయన షాపులోంచి కబురు పట్టుకొచ్చారు. దేశం వదిలి వెళ్ళేవాళ్ళ ఇంటి సామాన్లు పెద్ద ఇనప పెట్టెల్లోకెక్కించి ఓడకు చేర్చే యార్డు ఒకటుంది. అక్కడొక మనిషి ఉన్నాడు. ఆయన్ని అందరూ సందుల మేస్త్రి అంటారట.

మేము వెళ్ళేసరికి సందుల మేస్త్రి యార్డు మధ్యలో ఎవరిదో సోఫాలో కాలు మీద కాలేసుకుని కూర్చుని ఉన్నాడు. ఆ సోఫా కూడా విదేశం వెళ్ళేదే.

"కూర్చోండక్కా, పర్లేదు, ఇది రేపు గానీ ఎక్కదు," అని అత్తయ్యకి జరిగి చోటిచ్చాడు. "ఎంత గట్టిగా సర్దినా పెట్టెలో సందులుంటాయి. మంచం కాళ్ళ మధ్య ఒకటి, బీరువా నెత్తిన ఒకటి. ఆ సందులు నేనమ్ముతాను. పెట్టె తీసుకున్నవాళ్ళకి అద్దె తగ్గుతుంది, మీకు ఖర్చు తగ్గుతుంది, నాకు టీ ఖర్చులొస్తాయి."

"అక్కడేమో గాలికి డబ్బడిగారు," అన్నారు అత్తయ్య. "నువ్వు గాలే అమ్ముతున్నావు."

"అమ్ముతున్నాను గానీ, నా గాలి చవకక్కా."

ఒక సంగీతం టీచరుగారి పియానో, మా పళ్ళ డాక్టరున్న దేశానికే వెళ్తోందట. పియానోకీ పెట్టె గోడకీ మధ్య సందుంది. పొడుగు కావలసినంత, ఎత్తు కావలసినంత. మందం మాత్రం మూరెడు. మేస్త్రి మోచెయ్యి పెట్టి చూపించాడు, మా ఆయన టేపు పెట్టి రాసుకున్నారు.

"మూరంటే మూరే. గురువారం పొద్దున పెట్టె తలుపుకి సీలేస్తాం. ఆ తర్వాత అటువైపు ఇంకో పెట్టె ఎప్పుడెళ్తుందో ఆ ఓడకే తెలీదు."

మా ఆయన ఇంటికొచ్చి నేల మీద గీసి లెక్క తేల్చారు. చెక్కను మధ్యకి కోసి, రెండు ముక్కల్నీ ఎదురెదురుగా మూతలా మూస్తే, ఈ ముక్క మీది కొండ ఆ ముక్క మీది చెరువు ఖాళీలో కూర్చుంటుంది. మధ్యలో నాలుగు కర్రలు నిలబెడితే ఇళ్ళు నలగవు. మొత్తం మందం మూరకి రెండు వేళ్ళు తక్కువ.

"పడుతుందమ్మా!" అన్నారు. అత్తయ్య పనిముట్ల పెట్టె మూసేశారు.

కొయ్యడం దగ్గరొచ్చింది తంటా. మా ఆయన గీత గీసి చిటికేసినట్టు అద్దం విరవగల మనిషి. తల్లి కట్టిన ఊరి ముందు మాత్రం రంపం పక్కన పెట్టి, గీసిన గీతే మళ్ళీ మళ్ళీ గీశారు.

"గీత సెలూను మీదుగా పోతోందమ్మా."

"ఎలా పోతుందిరా? లోపల కస్టమరున్నాడు, సగం గడ్డంతో."

"పోనీ బేకరీ?"

"పొయ్యి మీద పని ఉంది వాళ్ళకి."

"మరి పోస్టాఫీసు?"

"సరే, అది కొయ్యి. వాళ్ళెలాగూ మన పార్సిలు తీసుకోలేదు."

కోసేముందు ఆఖరిసారి రైలు నడిపారు. బుజ్జిని గట్టిగా ఒళ్ళో పట్టుకుని నేనూ చూశాను. రైలు గుమ్మం దాటి హాల్లోకొచ్చి, తిరిగి, సొరంగంలోకి వెళ్ళబోయి ఎందుకో లోపల తట్టుకుని ఆగిపోయింది. రెండు వారాలుగా అలాగే చేస్తోంది. "దయచేసి వినండి," అని మొదలుపెట్టారు అత్తయ్య. గొంతు మైకులో లాగే ఉంది గానీ ముక్కు ఎర్రబడింది. మిగతాది చెప్పకుండానే స్విచ్చి కట్టేశారు. మా ఆయన కళ్ళు మూసుకుని రంపం ఆడించారు. కళ్ళు మూసుకుని కోసినా సూటిగానే కోశారు పాపం.

*

ప్యాకింగు నేను చేస్తానని నేనే అన్నాను. బుధవారం మధ్యాహ్నం బుజ్జి నిద్రపోయింది. చూడలేనని అత్తయ్య పక్కింటికెళ్ళారు. షాపులో ఇచ్చిన పాత పేపర్లూ, సన్న థర్మోకోలు ముక్కలూ ముందేసుకుని కూర్చున్నాను.

మొదట సెలూను చుట్టాను. చుట్టాక పట్టి చూస్తే పుల్లలు వేలికి తెలుస్తున్నాయి. నాకు తెలిస్తే దెబ్బకి తెలీదా? మా ఆయన మేజోడు ఒకటి తొడిగాను. బాగుంది. సెలూనుకి తొడిగి బేకరీకి తొడక్కపోతే ఎలా? రెండో మేజోడూ తెచ్చాను. స్టేషను బరువైన కట్టడం, దానికి నీలం చొక్కా. చెరువు అద్దం కదా, దాని మీద బుజ్జి డైపర్లు పరిచాను, ఉతికినవేలెండి. రేవులో ఎత్తి దించేటప్పుడో? ఇంకో దుప్పటి. ఓడ ఊగితే? అత్తయ్య శాలువా. అక్కడ తనిఖీవాళ్ళు విసిరేస్తే? నా స్వెట్టరు. బుజ్జి పుట్టక ముందు నేనిలా ఉండేదాన్ని కాదు. ఇప్పుడు ఏ వస్తువు చూసినా అది కింద పడటమే ముందు కనిపిస్తుంది.

చివరికి కొండ మిగిలింది. నాకు ఎక్కువ భయం దాన్ని చూస్తేనే. సొరంగం చీకటి, బుజ్జి ఎప్పుడూ అందులో చెయ్యి పెట్టేది. కానీ అత్తయ్య ఆ కొండ ఆరబెడుతున్న రోజుల్లోనే నేను ఈ ఇంటికి కోడలుగా వచ్చాను. మా అమ్మ కుట్టిన బొంత ఒకటుంది, బుజ్జిని ఆస్పత్రి నుంచి అందులోనే తెచ్చుకున్నాం. ఇంట్లో దానికంటే మెత్తనిది లేదు. కొండకి అది కప్పాను.

రెండు ముక్కలూ మూతపెట్టి, పైన పరుపు గుడ్డ చుట్టి, తాళ్ళతో బిగించాను. తృప్తిగా అనిపించింది. మళ్ళీ కొలవలేదు. కొలత ముందే చూశాం కదా అనుకున్నాను.

మా ఆయన సాయంత్రం వచ్చి చుట్టూ తిరిగి చూశారు.

"కాస్త లావెక్కింది కదూ?"

"బట్టేగా. నొక్కితే అణుగుతుంది."

"అవున్లే," అన్నారు. ఆయన దగ్గర అవునులు ఎప్పుడూ సిద్ధంగా ఉంటాయి.

*

గురువారం పొద్దున యార్డుకి వెళ్ళేసరికి ఇనప పెట్టె నోరు తెరుచుకుని లారీ మీద ఉంది. లోపల పియానో, బీరువాలు, కుర్చీలు. మేస్త్రీ ఇద్దరు కూలీలూ మా మూట ఎత్తి సందులో పెట్టబోయారు. మూల దూరింది. నడుము దూరలేదు. మేస్త్రి భుజం పెట్టి నెట్టాడు. మూట ఆయన్నే వెనక్కి నెట్టింది.

"చెల్లెమ్మా," అన్నాడు రొప్పుతూ, "మీరు పార్సిలు కట్టారా? చంటిబిడ్డకి స్నానం చేయించి చుట్టారా?"

"ఓడ ఊగుతుందనీ..."

"ఊగడానికి ముందు ఎక్కాలి కదమ్మా! విప్పండి, విప్పండి."

యార్డులో అందరి ముందూ విప్పారు. నేను బుజ్జిని ఎత్తుకుని దాని వెనకాల మొహం దాచుకున్నాను. పరుపు గుడ్డ వచ్చింది. దుప్పట్లు వచ్చాయి. స్వెట్టరు వచ్చింది. మేస్త్రి మెల్లగా ఒక డైపరు పైకెత్తి, ఇదేమిటన్నట్టు కూలీలకేసి చూశాడు.

"ఉతికినవే!" అని అరిచాను.

"నా నీలం చొక్కా!" అన్నారు మా ఆయన. "ఉతుక్కి వేశానన్నావుగా పొద్దున?"

"స్టేషనుకి వేశాను."

"మేజోళ్ళూ ఇక్కడేనా? అందుకేనా నేను ఉత్త కాళ్ళకి బూట్లేసుకొచ్చింది!"

"కాగితం మీదేమో 'బొమ్మల ఊరు' అని రాశాం," అన్నాడు మేస్త్రి తల పట్టుకుని. "అక్కడ తనిఖీవాళ్ళు విప్పితే బట్టల కొట్టు బయటపడేది. నన్ను కూడా పార్సిలు చేసి లోపలేసేవారు."

అత్తయ్య శాలువా అందుకుని దులిపారు. "చలేస్తే నేనేం కప్పుకోవాలే?"

"ఊరికి చలేస్తుందేమోనని అత్తయ్యా."

అప్పుడు బొంత కనిపించింది. ఆవిడ దాన్ని గుర్తుపట్టారు.

"ఇది కూడానా?" అన్నారు మెల్లగా. "నీకు కొండ ఇష్టం లేదనుకున్నాను."

"నాకు కొండంటే భయం అత్తయ్యా. ఇష్టం లేదని ఎప్పుడన్నాను?"

ఆవిడ బొంత మడిచి చంకలో పెట్టుకున్నారు.

పేపరూ థర్మోకోలూ మాత్రం ఉంచి మళ్ళీ మూత పెట్టారు. మా ఆయన టేపు పెట్టారు. మూరకి రెండు వేళ్ళు తక్కువ, లెక్క ప్రకారమే ఉంది. ఎత్తారు, నెట్టారు. దూరలేదు.

మేస్త్రి లోపలికి దూరి చూసి, తిట్టుకుంటూ బయటికొచ్చాడు. సంగీతం టీచరు నిన్న సాయంత్రం వచ్చి, పియానోకి దెబ్బ తగులుతుందేమోనని దాని వెనక ఒక పరుపు కట్టించి వెళ్ళిందట. ఆ మీద సామానంతా బిగించేశారు. ఆవిడ విమానం ఎక్కేసింది కూడా.

"పియానోకీ మీలాంటి తల్లే దొరికిందమ్మా," అన్నాడు నాతో. "ఇద్దరూ కలిసి నా సందు తినేశారు."

మూర కాస్తా జానెడు పైన నాలుగు వేళ్ళయింది. లారీ డ్రైవరు హారను కొట్టాడు. మా ఆయన ఊరినీ టేపునీ మార్చి మార్చి చూసి, ఎవరికీ వినపడకూడదన్నంత మెల్లగా, "కొండ ఒక్కటీ లేకపోతే..." అన్నారు.

అత్తయ్య కొండ మీద చెయ్యేసి నిలబడ్డారు. నాకు దీపస్తంభం, పట్టకారు గుర్తొచ్చాయి.

"వద్దత్తయ్యా," అన్నాను. "ఇంటికి తీసుకెళ్ళిపోదాం. నేను పిల్లని ఎత్తుకునే ఉంటాను. దించనే దించను."

"ఎన్నాళ్ళు? దాని పెళ్ళిదాకానా?"

"గుమ్మానికి అడ్డంగా ఏదైనా పెడదాం."

"నువ్వు అడ్డంగా పెట్టేది ఎలా ఉంటుందో ఇప్పుడే చూశాంగా. ఏనుగు కూడా దాటలేదు." నా భుజం తట్టి, కొడుకు వైపు తిరిగారు. "మేస్త్రినడిగి రంపం ఇలా ఇవ్వరా. ఊరు బతకాలి. కొండేముంది, పాత పేపరు."

బుజ్జిని మా ఆయన చేతికిచ్చి కొండని రెండు చేతులా పట్టుకున్నాను. అత్తయ్య కోశారు. కొడుకులా కళ్ళు మూసుకోలేదు. పొడి రాలింది, గుజ్జు చీలింది, కొండ మొత్తం నా ఒళ్ళోకి వచ్చేసింది. సొరంగం ఉన్న చోట పట్టాలు వెలుతుర్లో పడ్డాయి.

పట్టాల మీద బుజ్జి చెంచా ఉంది. దాని పక్కన పాలపీక. రెండు వారాలుగా వెతుకుతున్న బీరువా తాళంచెవి. సీసా మూత. అన్నిటినీ పట్టాలకి జిగురులా అంటించేసిన, నానిపోయి ఎండిపోయిన బిస్కట్టు ముక్క. వీటన్నిటి వెనకా, గొడుగు పట్టుకుని నిలబడి, రైలు కోసం చూస్తూ ఆవిడ.

నేను యార్డు నేల మీద కూలబడి ఏడ్చాను. కూలీలు కొండ కోసినందుకనుకున్నారు.

"మింగలేదండీ," అన్నాను మా ఆయనతో. "మింగనే లేదు!"

"రైలు ఎందుకు తట్టుకుంటోందో ఇప్పుడు తెలిసింది," అన్నారు అత్తయ్య. "పట్టాల మీద ఇంత సంసారం పెడితే ఏ బండి కదులుతుంది?"

ఈ లోపు బుజ్జి తండ్రి చేతుల్లోంచి వంగి, గొడుగావిడ కోసం నోరు తెరిచింది. ఆవిణ్ణి ఠక్కున గుప్పిట్లో మూసేశాను.

మా ఆయన కర్రలు పొట్టి చేశారు. మూట సందులోకి జారిపోయింది. పియానో వెనకున్న టీచరు పరుపు మా ఊరికి కూడా మెత్తగా ఆనింది. మేస్త్రి తలుపేసి సీలు కొట్టాడు. లారీ కదిలి, మలుపు తిరిగి, కనపడకుండా పోయేదాకా అత్తయ్య చూస్తూ నిలబడ్డారు.

"కదలడం చూశానే," అన్నారు నాతో.

లారీ పోయి చాలాసేపయ్యాక నా గుప్పిట విప్పి చూసుకున్నాను. గొడుగావిడ నా దగ్గరే ఉండిపోయింది.

*

ఇప్పుడు వెనకగది తలుపు పడుతుంది. పడినా వెయ్యడం లేదు. గది మధ్యలో కొండ ఉంది. బుజ్జి దాని మీదకి ఎక్కుతుంది, కూర్చుంటుంది, నోటికి అందినంత కొరుకుతుంది కూడా, కానీ అంత కొండని మింగలేదు కదా. ఇంట్లో ఏది కనపడకపోయినా నేను తిన్నగా సొరంగంలో చెయ్యి పెడతాను. గొడుగావిడ బీరువా మీద, మా ఆయనకి కూడా అందనంత ఎత్తులో ఉంది.

ఓడ దాని తీరుబడి చూసుకుని వెళ్ళింది. ఒక రోజు పళ్ళ డాక్టరు దగ్గర్నుంచి ఫోటో వచ్చింది. షెడ్డులో ఊరు. పోస్టాఫీసు మధ్య కోత కనపడకుండా కొత్త టూత్‌బ్రష్షుతో కంచె నాటాడు. కింద ఒక ప్రశ్న. అన్నీ క్షేమంగా చేరాయి, కానీ ఫోటోల్లో కొండ ఉండాలి కదా, గొడుగుతో ఒకావిడ కూడా, వాళ్ళేరీ?

అత్తయ్య జవాబు రాయలేదు. ఫోను తీసుకుని, నిటారుగా కూర్చుని, గొంతు సవరించుకుని, మాట రికార్డు చేసి పంపారు.

"దయచేసి వినండి. కొండచరియలు విరిగిపడినందున మీ మార్గంలో సొరంగం తొలగించబడినది. గొడుగుతో ప్రయాణిస్తున్న మహిళ బండి తప్పిపోయినారు. సందు దొరికిన వెంటనే బయలుదేరగలరు. మీకు కలిగిన అసౌకర్యానికి మా కోడలు చింతిస్తున్నది."